బండికి ఇంజనాయిల్ ఇంటి దగ్గరే మార్చుకోవడం ఎలా? షోరూమ్‌కి ఏ పని వదిలేయాలి?

ఒడిశాలోని రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, కొరాపుట్ వైపు నుంచి పాఠకులు మళ్ళీ మళ్ళీ అడిగేది ఇదే. "ఫ్రీ సర్వీసులు అయిపోయాయి. షోరూమ్‌కి వెళ్ళి రావాలంటే ఒక రోజు పని పోతుంది, పెట్రోలు ఖర్చు వేరే. ఇంజనాయిల్ నేనే మార్చేసుకుంటే బండికేమైనా అవుతుందా?"

ఏమీ అవదు. కాకపోతే కింద పాత ఆయిల్ దింపే నట్టు, అంటే డ్రైన్ నట్టు, సరిగ్గా బిగించాలి, ఆయిల్ కొలిచి పోయాలి. ఇంటి దగ్గర ఆయిల్ మార్చి బండి పాడుచేసుకున్నవాళ్ళలో ఎక్కువమంది దెబ్బ తిన్నది ఈ రెండు చోట్లే. నట్టు అతిగా బిగించి మరలు పోగొట్టుకుంటారు, లేదా డబ్బా మొత్తం ఒంపేస్తారు. అందుకే ఇక్కడ ఆ రెండింటి గురించే ఎక్కువ చెబుతున్నాం.

కింద రాసిన పద్ధతి 100 నుంచి 125 సీసీ గేర్ల బళ్ళకు. స్కూటర్లు, పెద్ద బళ్ళు, కార్ల సంగతి చివర్లో ఉంది.

ముందు తేల్చుకోవాల్సింది

ఫ్రీ సర్వీసులు ఇంకా మిగిలి ఉంటే ఇంట్లో ఇంజన్ జోలికి వెళ్ళకండి. సర్వీసు బుక్కులో రాసిన కిలోమీటర్లు, రోజులు ఈ రెండిట్లో ఏది ముందొస్తే దాని ప్రకారం షోరూమ్‌కి తీసుకెళ్ళండి. ఒక్క కూపన్ దాటేసినా రేపు ఇంజన్‌లో ఏదైనా పోతే వారంటీ అడగడానికి నోరు లేవదు. మొదటి సర్వీసు అస్సలు వదలకూడదు. కొత్త ఇంజన్‌లో రాపిడికి రాలిన సన్న లోహపు పొడి ఆ మొదటి ఆయిల్‌తోనే బయటికి పోవాలి.

సరిహద్దులో ఉన్నవాళ్ళకు ఇంకో సందేహం ఉంటుంది. బండి ఒడిశా నంబరు, దగ్గర్లో ఉన్న షోరూమేమో పార్వతీపురంలోనో పాతపట్నంలోనో ఉంటుంది. అదే కంపెనీ అధీకృత సర్వీసు సెంటరు అయితే చాలు, ఏ రాష్ట్రంలో ఉన్నా సర్వీసు చేయించుకోవచ్చు. బుక్కులో ముద్ర వేయించుకుని, జాబ్ కార్డు, బిల్లు దాచుకోండి.

ఫ్రీ సర్వీసులు, వారంటీ అయ్యాక పని రెండుగా విడగొట్టుకోవడం మంచిది. ఆయిల్ మార్చడం, ఎయిర్ ఫిల్టర్ చూసుకోవడం, చెయిన్‌కి ఆయిల్ పెట్టి బిగువు సరిచూడటం ఇంటి దగ్గర చేసుకోవచ్చు. వాల్వుల సందు సరిచేయడం, క్లచ్ వైపు మూత విప్పి ఆయిల్ జల్లెడ కడగడం, బ్రేక్ ఆయిల్, 2020 ఏప్రిల్ 1 తర్వాతి బీఎస్6 (కొత్త పొగ నియమాలకు తగ్గట్టు చేసిన) బళ్ళలో మీటరు మీద ఇంజన్ లైటు వెలిగితే స్కానర్ పెట్టి చూడటం, ఇవన్నీ షోరూమ్‌కి వదిలేయండి. ఏడాదికోసారి ఆ పనుల కోసమే వెళ్ళండి. ఆయిల్ మార్చడం తెలిసినంత మాత్రాన షోరూమ్‌తో పని తీరిపోయిందనుకోకండి. స్ప్లెండర్ లాంటి బళ్ళలో కాగితం ఫిల్టరు ఉండదు. లోపల జల్లెడ, తిరిగే ఫిల్టరు ఉంటాయి. ఏళ్ళ తరబడి వాటిని ఎవరూ విప్పకపోతే పైన ఎంత కొత్త ఆయిల్ పోసినా అడుగున మడ్డి అలాగే ఉంటుంది.

కావలసినవి

• మీ బండికి రాసిన గ్రేడు ఆయిల్, సీలు పగలని డబ్బా.
• డ్రైన్ నట్టుకి కొత్త వాషర్. అల్యూమినియందో రాగిదో, మీ బండి పేరు చెబితే పార్టుల షాపులో ఇస్తారు. పది, ఇరవై రూపాయల వస్తువు. దీని దగ్గర పిసినారితనం వద్దు.
• రింగ్ స్పానర్ లేదా సాకెట్. ఈ తరగతి బళ్ళలో చాలావాటికి 17 నంబరు పడుతుంది. మీ బండికి పెట్టి చూశాకే పని మొదలుపెట్టండి. వదులుగా ఆడే స్పానర్, స్క్రూ స్పానర్ రెండూ పనికిరావు. నట్టు మూలలు అరిగి గుండ్రమైపోతాయి.
• వెడల్పాటి బేసిను. వంటింటిది కాదు, మళ్ళీ వంటింట్లోకి వెళ్ళకూడనిది.
• గరాటు, మి.లీ. గీతలున్న కొలత గ్లాసు.
• పాత నూలు గుడ్డలు, చేతికి రబ్బరు తొడుగులు. పాడైన ఆయిల్ తరచూ చర్మానికి తగలడం మంచిది కాదు.
• మూత గట్టిగా పడే పాత డబ్బా, తీసిన ఆయిల్ పోయడానికి.

ఆయిల్ కొనేటప్పుడు

డబ్బా మీద రెండు విషయాలు చూడాలి. మొదటిది చిక్కదనం. హీరో స్ప్లెండర్‌కి 10డబ్ల్యూ-30, రాయల్ ఎన్‌ఫీల్డ్ 350కి 15డబ్ల్యూ-50, ఇలా ఏ బండి లెక్క దానిదే. "ఘాటీ ఎక్కే బండి, చిక్కటిది పొయ్యి" అని 10డబ్ల్యూ-30 బండికి 20డబ్ల్యూ-50 పోసేస్తుంటారు. అలా చేయకండి. కొరాపుట్, పొట్టంగి వైపు చలికాలం పొద్దున్నే ఆ చిక్కటి ఆయిల్ పైకి ఎక్కేలోపు ఇంజన్ తల భాగం పొడిగానే తిరుగుతుంది. కిక్ బరువవుతుంది, మైలేజీ తగ్గుతుంది.

రెండోది జాసో గుర్తు, అంటే ఆయిల్ ఏ రకం క్లచ్‌కి పనికొస్తుందో చెప్పే జపాను ప్రమాణం. గేర్ల బళ్ళలో క్లచ్ ప్లేట్లు ఇంజనాయిల్‌లోనే మునిగి ఉంటాయి. అందుకే వాటికి ఎంఏ లేదా ఎంఏ2 అడుగుతారు. గేర్లు లేని స్కూటర్లలో క్లచ్ పొడిగా వేరేచోట ఉంటుంది కాబట్టి వాటికి ఎంబీ వస్తుంది. కారులో మిగిలిన ఆయిల్ వృథా ఎందుకని బైకులో పోయకండి. రాపిడి తగ్గించే మందులు కలిసిన కారు ఆయిల్‌తో క్లచ్ జారుతుంది. ఇంజన్ గోల పెడుతుంది, బండి మాత్రం ఎక్కదు. అది ఘాటీ మధ్యలో తెలిసొస్తే చాలా కష్టం.

బండితో వచ్చిన పుస్తకం తెలుగులో లేకపోయినా దిగులు అక్కర్లేదు. వెనక పేజీల్లో ఉండే పట్టికలో 10డబ్ల్యూ, 20డబ్ల్యూ లాంటి అంకె కోసం వెతకండి. ఏ భాషలో ఉన్నా అంకె అంకే. దాని పక్కనే లీటర్ల లెక్క రెండు రకాలుగా ఉంటుంది. ఇంజన్ విప్పి బిగించినప్పుడు పట్టేది ఎక్కువ అంకె. కింద నట్టు తీసి మార్చినప్పుడు పట్టేది తక్కువ అంకె. మీకు కావలసింది తక్కువ అంకె.

నకిలీ ఆయిల్ పల్లె సంతల్లోనే కాదు, టౌనులోనూ తగులుతుంది. మూత కింది ఉంగరం ఊడి ఉన్నా, సీలు రేకు వంకరగా అతికి ఉన్నా, తయారీ తేదీ, బ్యాచ్ నంబరు చెరిపినట్టున్నా తీసుకోకండి. బిల్లు అడగండి. బిల్లు ఇవ్వననే షాపులో ఆయిల్ కొనకపోవడమే మేలు.

చేసే పద్ధతి

1. చదునైన నేల చూసుకోండి. వాకిలి చదునుగానే కనిపిస్తుంది గాని, వాననీరు పోవడానికి ఎంతో కొంత వాలు ఉంటుంది. సగం నీళ్ళున్న సీసాని నేల మీద పడుకోబెట్టి చూడండి, వాలు ఎటో నీళ్ళే చెబుతాయి. వాలులో పెడితే పాత ఆయిల్ పూర్తిగా దిగదు, కొత్త ఆయిల్ కొలతా తప్పు చూపిస్తుంది.

2. బండి ఒక్క రెండు కిలోమీటర్లు తిప్పండి, లేదా నాలుగైదు నిమిషాలు స్టార్ట్ చేసి ఉంచండి. వేడెక్కిన ఆయిల్ పలచబడి మడ్డితో సహా దిగుతుంది. దూరం పోయి వచ్చిన బండి అయితే 15 నిమిషాలు ఆగండి. మరీ వేడిగా ఉంటే చెయ్యి కాలుతుంది. సైలెన్సరు పక్కనే ఉంటుందని మర్చిపోకండి.

3. మెయిన్ స్టాండ్ వేయండి. సైడ్ స్టాండ్ మీద ఈ పని చేయకూడదు. తాళం తీసి కొత్త ఆయిల్ డబ్బా మెడకు కట్టేయండి. ఆయిల్ లేని బండిని ఇంట్లో ఎవరో తెలియక స్టార్ట్ చేయడం నిజంగా జరిగే ప్రమాదమే. తాళం డబ్బాకి ఉంటే ఆయిల్ పోయకుండా బండి కదలదు.

4. పైన ఆయిల్ మూత, అదే గేజు పుల్ల ఉన్న మూత, తిప్పి తీయండి. దాని చుట్టూ ఉన్న ఎర్రమట్టిని ముందే గుడ్డతో తుడవండి. లేదంటే మూత తీసిన క్షణంలో ఆ మట్టే లోపల పడుతుంది. మూత తీసి ఉంచితే గాలి ఆడి కింద నుంచి ఆయిల్ ధారగా దిగుతుంది.

5. బేసిను కింద పెట్టి డ్రైన్ నట్టు గుర్తుపట్టండి. ఇంజన్ అడుగున కిందికి చూస్తూ ఉండే పెద్ద నట్టు అది. అడుగున ఇంకా బోల్టులుంటాయి. వాటిని కదపకండి. నట్టుని, చుట్టుపక్కల్ని శుభ్రంగా తుడవండి.

6. ఇప్పుడు జాగ్రత్త. బండి పక్కన కూర్చుని పైనుంచి చెయ్యి పెట్టి తిప్పితే దిక్కు తారుమారవుతుంది. వదులు చేస్తున్నామనుకుంటూ బిగించేస్తారు, అక్కడే మరలు పోతాయి. తల బాగా వంచి నట్టు తలని ఎదురుగా చూడండి. అలా చూస్తున్నప్పుడు గడియారం ముల్లుకి ఎదురు దిక్కున తిప్పితే వదులవుతుంది. స్పానర్ పూర్తిగా కూర్చుందో లేదో చూసుకుని ఒక్కసారి కుదుపుగా లాగండి. పట్టు విడిచాక స్పానర్ పక్కన పెట్టి వేళ్ళతో విప్పండి. చివరి మర దగ్గర నట్టుని పైకి నొక్కి పట్టుకుని తిప్పి, ఒక్కసారిగా పక్కకి లాగేయండి. లేదంటే వేడి ఆయిల్ మోచేతి దాకా కారుతుంది, నట్టు బేసినులో మునుగుతుంది.

7. పది నిమిషాలు దిగనివ్వండి. తాళం లేకుండానే మూడు నాలుగు సార్లు మెల్లగా కిక్ కొట్టండి, లోపల మిగిలింది కూడా వస్తుంది. బండిని అటూ ఇటూ వంచి చివరి బొట్టు దాకా పిండాల్సిన పని లేదు. క్లచ్ లోపల, సందుల్లో కొంత ఎప్పుడూ ఉండిపోతుంది, కంపెనీ లెక్క దాన్ని కలుపుకునే ఉంటుంది. కిరోసిన్ పోసి ఇంజన్ కడిగే అలవాటు కొన్నిచోట్ల ఉంది. అది మానండి. లోపల మిగిలిన కిరోసిన్ కొత్త ఆయిల్‌ని పలచన చేస్తుంది.

8. నట్టు శుభ్రంగా తుడిచి మరల్ని వెలుతురులో చూడండి. మరల మధ్య వెండిరంగు అల్యూమినియం పీచు చుట్టుకుని ఉంటే ఇంజన్ వైపు మరలు అరుగుతున్నాయని అర్థం. ఆ నట్టుని మరింత గట్టిగా బిగించి సరిపెట్టుకోకండి. పాత వాషర్ కొన్నిసార్లు ఇంజన్‌కే అతుక్కుని ఉండిపోతుంది. చూసుకోకుండా కొత్తది పెడితే రెండు వాషర్లయి కారుతుంది.

9. కొత్త వాషర్ వేసి, నట్టుని పూర్తిగా వేళ్ళతోనే ఎక్కించండి. స్పానర్ లేకుండా సాఫీగా చివరిదాకా ఎక్కాలి. రెండో మర దగ్గరే బిగుసుకుపోతే వంకరగా ఎక్కుతోందన్నమాట. వెంటనే వెనక్కి తిప్పి మళ్ళీ పెట్టండి. నట్టు ఉక్కు, ఇంజన్ అల్యూమినియం. పంతానికి పోతే ఎప్పుడూ ఇంజనే ఓడుతుంది.

10. వాషర్ తగిలి వేళ్ళకి ఆగాక స్పానర్ పెట్టి సుమారు పావు తిప్పు బిగించండి. స్పానర్‌ని చివర్లో కాక నట్టుకి దగ్గరగా పట్టుకుని మణికట్టు బలంతోనే లాగండి. మెత్తని వాషర్ నలుగుతున్నట్టు చేతికి తెలుస్తుంది. తర్వాత గట్టిగా ఆగుతుంది. అక్కడే ఆపేయండి. టార్క్ రెంచ్ (బిగింపు బలం కొలిచే స్పానర్) ఉన్నవాళ్ళు పుస్తకంలో రాసిన అంకె పెట్టుకోండి. చిన్న బళ్ళలో అది 25 న్యూటన్ మీటర్ల చుట్టుపక్కల ఉంటుంది. స్పానర్‌కి పైపు తొడిగి లాగడం, కాలితో తన్నడం అసలొద్దు.

11. ఆయిల్ కొలిచి పోయండి. స్ప్లెండర్ ప్లస్‌నే తీసుకుంటే ఇంజన్ విప్పి బిగించినప్పుడు పట్టేది 1.05 లీటరు, నట్టు తీసి మార్చినప్పుడు పట్టేది 850 మి.లీ. మార్కెట్లో దొరికేది 900 మి.లీ. డబ్బా, లేదా లీటరు డబ్బా. అందుకే డబ్బా ఖాళీ చేయడం కాదు, కొలత గ్లాసుతో పోయడం. మొదట లెక్కకి 50 మి.లీ. తక్కువగా పోయండి. తక్కువైతే చెంచాడు కలపొచ్చు, ఎక్కువైతే మళ్ళీ నట్టు విప్పాలి.

12. మూత బిగించి, తాళం పెట్టకుండా ఐదారు సార్లు కిక్ కొట్టండి. తర్వాత స్టార్ట్ చేసి రెండు మూడు నిమిషాలు రేజ్ చేయకుండా ఉంచండి. ఆ లోపు కిందికి వంగి నట్టు చుట్టూ కొత్త గుడ్డతో తుడిచి చూడండి.

13. ఆపి మూడు నిమిషాలు ఆగండి. గేజు పుల్ల తీసి తుడిచి, మళ్ళీ పెట్టి తీసి చూడండి. హీరో, హోండా చిన్న బళ్ళలో మూత తిప్పకుండా, ఊరికే ఆనించి కొలవాలి. కొన్ని బళ్ళకి పద్ధతి వేరుగా ఉంటుంది, పుస్తకంలో బొమ్మ ఉంటుంది. పుల్ల మీద రెండు గీతల మధ్య, పై గీతకి కొంచెం కింద ఆయిల్ తడి ఆగాలి. తక్కువుంటే 20, 30 మి.లీ. చొప్పున కలుపుతూ చూడండి. గేజు బదులు అద్దం కన్ను ఉన్న బండి అయితే నిటారుగా పట్టుకుని ఆ కంటిలో గీతల మధ్య చూడాలి.

ఎక్కువ పోస్తే ఏమవుతుంది?

"కొంచెం ఎక్కువుంటే మంచిదేగా" అనే మాట చాలామంది నోట వినిపిస్తుంది. మంచిది కాదు. లోపల తిరిగే భాగాలు ఆయిల్‌ని చిలికి నురుగు చేస్తాయి. ఒత్తిడి పెరిగి ఆ ఆయిల్ బ్రీదర్ పైపు (ఇంజన్ లోపలి గాలి బయటికి పోయే గొట్టం) గుండా ఎయిర్ ఫిల్టర్ డబ్బాలోకి పోతుంది. బండి బరువుగా లాగుతుంది, పొగ వస్తుంది, సీళ్ళ దగ్గర చెమ్మ కనిపిస్తుంది. ఆయిల్ మార్చిన వారానికే ఎయిర్ ఫిల్టర్ తడిసి కనిపిస్తే ముందు గేజు చూడండి. పై గీత దాటి ఉంటే పెద్ద సిరంజికి సన్న పైపు తొడిగి మూత కన్నంలోంచి లాగేయవచ్చు. నట్టు మళ్ళీ కదపనక్కర్లేదు.

తీసిన ఆయిల్‌ని చూడండి

పారేసే ముందు రెండు పనులు చేయండి. దాన్ని గీతలున్న డబ్బాలో పోసి ఎంతుందో కొలవండి. క్రితం సారి 850 పోస్తే ఇప్పుడు 800 దాటి వస్తే ఇబ్బంది లేదు. 600 మాత్రమే వచ్చిందంటే మిగతాది కాలిపోయిందో కారిపోయిందో తేల్చాలి. సైలెన్సరు నుంచి నీలం పొగ వస్తుంటే కాలిపోతోంది. అలాంటి బండికి 500 కిలోమీటర్లకోసారి గేజు చూడాలి. సుంకి ఘాటీ లాంటి దారుల్లో రోజూ ఇద్దరితో, సామానుతో ఎక్కే బండికి ఇది మరీ ముఖ్యం.

తర్వాత రంగు. నల్లగా ఉంటే కంగారు పడకండి. ఇంజన్‌లోని మసిని ఆయిల్ తనలోకి లాక్కున్నట్టు, అంటే పని చేసినట్టు. పాలు కలిపిన టీలా ఉంటే నీళ్ళు కలిశాయి. వానాకాలం గెడ్డ దాటేటప్పుడు ఇంజన్ మునిగిన బళ్ళలో ఇదే కనిపిస్తుంది. అలాంటప్పుడు కిలోమీటర్లతో పని లేదు, ఆ రోజే మార్చాలి. చవకైన సరైన గ్రేడు ఆయిల్ పోసి పది నిమిషాలు నడిపి తీసేసి, మళ్ళీ మంచిది పోయాలి. ఒక్కసారికి లోపలి తడి పోదు. పెట్రోలు వాసన గట్టిగా కొట్టి నీళ్ళలా పలచగా ఉంటే పెట్రోలు లోపలికి దిగుతోంది. ఆయిల్ మార్చినా మళ్ళీ అదే అవుతుంది, మెకానిక్‌కి చూపించండి.

వేళ్ళ మధ్య రెండు బొట్లు రుద్ది ఎండలో చూడండి. తళతళలాడే సన్న పొడి కొంచెం ఉంటే, ముఖ్యంగా కొత్త బండిలో, మామూలే. గోటికి తగిలే రేకులు, ముక్కలు కనబడితే ఆ బండిని నడపకండి. ఆ ఆయిల్‌ని ఆ ముక్కలతో సహా సీసాలో పట్టుకుని షోరూమ్‌కి వెళ్ళండి.

మరలు పోతే

నట్టు ఎంత తిప్పినా ఆగకుండా తిరుగుతూనే ఉంటే మరలు పోయినట్టే. టెఫ్లాన్ టేపు చుట్టడం, ఎంసీల్ పూయడం చేస్తారు. టేపు ముక్కలు లోపలికి పోయి జల్లెడకి అడ్డం పడతాయి. ఎంసీల్ అతుకు ఏ గతుకులోనో ఊడితే ఆయిల్ మొత్తం దారిలో పోతుంది, ఇంజన్ పట్టేస్తుంది. దీనికి సరైన మందు హెలికాయిల్. లోపల కొత్త మరల స్ప్రింగు ఎక్కించి పాత సైజు నట్టే వాడతారు. లేత్ పని చేసే చోటో, పెద్ద మెకానిక్ షెడ్డులోనో అవుతుంది. బండిని నడపకుండా ఆటోలో ఎక్కించుకుని తీసుకెళ్ళండి.

ఎన్నాళ్ళకి మార్చాలి?

మీ పుస్తకంలో ఎంతుంటే అంత. మైనింగు లారీలు తిరిగే మట్టిదారుల్లో, నిత్యం ఘాటీల్లో తిరిగే బళ్ళకు దానిలో మూడో వంతు తగ్గించుకోవడం మా సలహా. బండి తిరగకపోయినా ఏడాదికోసారి మార్చాలి. రోజూ ఇంటి నుంచి సంతకీ, సంత నుంచి ఇంటికీ రెండు కిలోమీటర్లు తిరిగే బండిలో ఇంజన్ సరిగా వేడెక్కదు, లోపలి చెమ్మ ఆవిరవదు. దాని ఆయిల్ దూరాలు తిరిగే బండి కంటే ముందే చెడుతుంది.

ఎర్రదుమ్ములో ఆయిల్ కంటే ఎయిర్ ఫిల్టరే ముందు పోతుంది. ఫిల్టర్ దాటి లోపలికెళ్ళిన దుమ్ము పిస్టన్ రింగుల్ని ఆకురాయిలా అరగదీస్తుంది. కాబట్టి ఆయిల్ మార్చిన ప్రతిసారీ దాన్ని విప్పి చూడండి. జిడ్డుగా ఉండే కాగితం ఫిల్టరుని గాలి కొట్టకండి, కడగకండి, మార్చడమే. స్పాంజి రకమైతే కడిగి, ఆరబెట్టి, ఆయిల్ అద్ది పిండి పెట్టాలి.

మిగతా బళ్ళు

స్కూటర్లు: యాక్టివా తరగతికి మార్చేటప్పుడు పట్టేది 650 నుంచి 700 మి.లీ. మోడల్‌ని బట్టి మారుతుంది, పుస్తకం చూడండి. వెనక చక్రం దగ్గర గేర్ ఆయిల్ నట్టు వేరేగా ఉంటుంది. ఇంజన్ నట్టనుకుని దాన్ని విప్పేసేవాళ్ళు ఎక్కువ. కొన్నిటిలో జల్లెడ ఉన్న పెద్ద మూత తీయగానే స్ప్రింగు ఎగిరి పడుతుంది. ఏది ఏ వరసలో వచ్చిందో ఫోన్‌లో ఫొటో తీసుకోండి.

పల్సర్ 150 లాంటివి: కాగితం ఫిల్టరు ఉంటుంది, ఆయిల్‌తోపాటు మార్చాలి. మూత కింది రబ్బరు రింగుకి కొత్త ఆయిల్ రాసి పెట్టండి. ఫిల్టరు ఏ ముఖం లోపలికి ఉందో తీసేముందే చూసుకోవాలి. తిరగేసి పెడితే ఆయిల్ ప్రవాహం ఆగుతుంది.

కార్లు: చిన్న పెట్రోలు కార్లకి దాదాపు 3 లీటర్లు పడుతుంది, ఫిల్టరు ఖర్చు వేరు. పద్ధతి ఇదే గాని బండి కిందికి దూరాలి. జాకీ మీద మాత్రమే లేపిన కారు కిందికి ఎప్పుడూ వెళ్ళకండి, ప్రాణాలు పోయే పని అది. ర్యాంపు లేనివాళ్ళు కారు విషయంలో సర్వీసు సెంటరుకే వెళ్ళడం మంచిది. డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టరు) ఉన్న బీఎస్6 డీజిల్ బళ్ళకి తక్కువ బూడిద రకం ఆయిలే పోయాలి. మామూలు డీజిల్ ఆయిల్‌తో ఆ ఫిల్టరు పూడుకుపోతుంది, మార్చడానికి చాలా ఖర్చు.

షోరూమ్‌కి వెళ్ళిన రోజు

బండి దింపేటప్పుడు చేయాల్సిన పనులు జాబ్ కార్డులో మీ ఎదురుగా రాయించండి. సీలు డబ్బానా, డ్రమ్ము ఆయిలా అని అడగండి. డ్రమ్ము తప్పు కాదు, గ్రేడు బిల్లులో ఉండాలి. మార్చామన్న పార్టుల పాతవి అడిగి తీసుకోండి. ఇంటికొచ్చాక గేజు ఒకసారి చూడండి. అక్కడా ఎక్కువ పోసేవాళ్ళున్నారు.

పాత ఆయిల్ ఏం చేయాలి?

కాల్వలో, పొలం గట్టున పోయకండి. వాడిన ఆయిల్‌ని 2016 నాటి నియమాల్లో ప్రమాదకర వ్యర్థంగా లెక్కేశారు. రాయగడ దగ్గర నాగావళిలో కలిసింది తోటపల్లి బ్యారేజీకి చేరుతుంది. గుణుపురం దగ్గర వంశధారలో పోసింది గొట్టా బ్యారేజీకి చేరుతుంది. ఆ నీళ్ళు తాగేదీ, పొలాలకి పెట్టుకునేదీ మనవాళ్ళే. పొయ్యిలో మండించకండి, పశువుల పుండ్లకి రాయకండి. డబ్బాలో పోసి మూత బిగించి, డ్రమ్ములో పోగుచేసి రీసైక్లింగుకి పంపే మెకానిక్ షెడ్డుకో సర్వీసు సెంటరుకో ఇవ్వండి. ఒలికిన చోట రంపపు పొట్టు చల్లి ఊడ్చేయండి.

ఖాళీ అయిన కొత్త ఆయిల్ డబ్బాని అలాగే పాతసామాన్లవాడికి వేయకండి. నకిలీ ఆయిల్ నింపేవాళ్ళు వెతికేది సరిగ్గా అలాంటి డబ్బాలనే. మేకుతో రెండు కన్నాలు పొడిచి, లేబుల్ చింపి వేయండి.

రాత్రికి ఇంజన్ కింద అట్టముక్క ఒకటి పరిచి ఉంచండి. పొద్దున మచ్చ లేకపోతే నట్టు బాగా కూర్చున్నట్టు. ఒక్క బొట్టు ఉంటే కొంచెమే బిగించి మర్నాడు కొత్త అట్ట మీద మళ్ళీ చూడండి. 50 కిలోమీటర్లు తిరిగాక గేజు మరోసారి చూసి, సర్వీసు బుక్కు చివరి పేజీలో ఇలా రాసుకోండి: తేదీ, మీటరు రీడింగు, ఆయిల్ గ్రేడు, పోసింది ఎంత, పాతది వచ్చింది ఎంత. ఆయిల్ బిల్లు అదే పేజీకి పిన్ను కొట్టండి.